ముత్యానికి పిల్ల కావాలని అడిగిన మనిషి

మనుషులు గుండెలో దాచుకున్న మాటను కూడా వినగలిగిన తండ్రికి, మా లక్ష్మీనరసింహస్వామికి ముందుగా నమస్కారం. గోళ్ళున్న రూపంతో మమ్మల్ని కాచుకుంటున్నందుకు ఆయనకు స్తోత్రం. శాంతమూర్తులందరికీ దండాలు. కానీ వారం రోజులుగా నాకు కావలసి వచ్చింది మాత్రం గోళ్ళున్న దేవుడే.

పోయిన శనివారం రాంగోపాల్‌పేట్‌లోని మా భజన మండలిలో గుర్రమక్కకు సంతాపసభ పెట్టారు. నేను అక్కడ శనివారాలు పురాణం చదువుతాను. ఉద్యోగం చేసిన రోజుల్లో తెలుగు టీచర్ని. ఆ రోజు పీట మీద పుస్తకం తెరిచి కూర్చున్నాను. మండలి అధ్యక్షులవారు లేచారు. కండువా సర్దుకున్నారు. "స్వామి మాట జవదాటని భక్తురాలు. ప్రాణంలా పెంచుకున్న గుర్రానికి ఒక్క పిల్ల కావాలని ఆశపడింది. స్వామి వద్దన్నారు. మారు మాట్లాడకుండా మానుకుంది. భక్తి అంటే అదీ" అన్నారు. కొత్తగా చేరినవాళ్ళు అయ్యో అన్నారు. ఒకావిడ కళ్ళు తుడుచుకుంది.

నేను పుస్తకం మూసి, ప్రసాదం తీసుకోకుండా బయటికి వచ్చేశాను. ఇన్నేళ్ళలో అలా రావడం అదే మొదటిసారి. స్వామి ఎప్పుడు వద్దన్నాడో, ఎవరి చేతుల మీదుగా వద్దన్నాడో నాకు తెలుసు. అందుకే ఇది రాస్తున్నాను.

ఆవిడ పేరు రాయను. పేరు అచ్చులో చూసుకోవడం పెళ్ళిళ్ళు చేసుకునేవాళ్ళ సరదా అనేది. ఊరంతా ఆవిడను గుర్రమక్క అని పిలిచేవారు. బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్ వెనక ఒక రేకుల షెడ్డు, అందులో తెల్లటి ఆడగుర్రం, దాని పేరు ముత్యం. భర్త ఉన్నప్పుడు పెళ్ళి ఊరేగింపులకు గుర్రాన్ని ఆయన నడిపించేవాడు. ఆయన పోయాక పగ్గం ఈవిడ పట్టుకుంది. సికింద్రాబాద్‌లో బరాత్ గుర్రాన్ని నడిపే ఆడమనిషిని నేను మరొకరిని చూడలేదు. చీర మీద భర్త పొడుగు చేతుల చొక్కా, నెత్తికి తువ్వాల, రెండు చెవుల్లోనూ దూది. డీజే మోతకు బెదరకుండా ముత్యం చెవుల్లో దూది పెట్టేది. "దానికి పెట్టి నాకు పెట్టుకోకపోతే దానికి కోపమొస్తది" అని తనూ పెట్టుకునేది. తర్వాత తియ్యడం మరిచిపోయేది. మండలిలో పురాణం వింటున్నప్పుడు కూడా దూది అలాగే ఉండేది. "టీచరమ్మా, జెర గట్టిగ చదువు. దేవునికి సుత ఇనపడతలేదు" అని గుమ్మం దగ్గర్నుంచి అరిచేది. తన బట్టలు గుర్రం వాసన వేస్తాయని లోపలికి వచ్చి కూర్చునేది కాదు. తలుపుకు ఆనుకుని నిలబడే ఎన్ని అధ్యాయాలు విన్నదో.

పెళ్ళికొడుకు గుర్రమెక్కే తీరు చూసి ఆ కాపురం ఎలా సాగుతుందో చెప్పేది. పగ్గం గుంజేవాడు పెళ్ళాన్ని సతాయిస్తాడు. కళ్ళు మూసుకునేవాడు అమ్మ మాట వింటాడు. దిగాక గుర్రం మెడ మీద చెయ్యి వేసినవాణ్ణి చూస్తే, "గీ పోరడు మంచోడు. ఆ పిల్ల అదృష్టవంతురాలు" అనేది. తాగి ముత్యం ముందు పడి ఎగిరే స్నేహితులను మాత్రం క్షమించేది కాదు. "అన్నా, నువ్వు జెర పక్కకు జరుగు. నీకంటె నా గుర్రం మంచిగ ఆడుతది" అనేది. వాళ్ళు జరగకపోతే ముత్యం డొక్కలో వేలితో ఒకటి పొడిచేది. అది తల విసిరితే వాళ్ళ కళ్ళద్దాలు ఎగిరిపోయేవి.

పగ పట్టడంలో ఆవిడది ఓపికైన చెయ్యి. మార్కెట్‌లో ఒక వ్యాపారి ఒకసారి కుళ్ళిన క్యారెట్లు పైన మంచివి పేర్చి అంటగట్టాడు. ముత్యానికి కడుపునొప్పి వచ్చి రెండు రోజులు నేల మీద పొర్లింది. ఆవిడ కొట్లాడలేదు. ఆ రోజు నుంచి ముత్యానికి మేత పెట్టి సరిగ్గా అది పేడ వేసే వేళకు అతని కొట్టు ముందుకు తీసుకుపోయి నిలబెట్టేది. "ఏందక్కా గిది!" అని అతను మొత్తుకుంటే, "మాలు వాపస్ తెచ్చిన. నీ క్యారెట్లే" అనేది. ఆ వ్యాపారి కొట్టు మార్చుకున్నాడు. ఆవిడ కొత్త కొట్టు ఎక్కడో కనుక్కుంది.

మనుషుల దగ్గర అలా ఉండే మనిషి దేవుడి దగ్గర పసిపిల్ల. మా మండలిలో ఏటా స్వామివారి కల్యాణం చేస్తాం. ముందు రోజు సాయంత్రం ఎదురుకోలు. పెళ్ళికొడుకు స్వామి గుర్రం మీద వస్తే అమ్మవారి తరఫు వాళ్ళం పానకం పట్టుకుని ఎదురు వెళ్తాం. పెద్ద గుళ్ళలో చెక్క గుర్రం వాహనం ఉంటుంది. మాకు అంత స్తోమత లేదు. అందుకే ముత్యం వీపు మీద పట్టుబట్ట పరిచి, స్వామి పటం నిలబెట్టి, అటొకరు ఇటొకరు పట్టుకుని నడిపిస్తాం. ఆ రోజుకు ఆవిడ డబ్బు తీసుకునేది కాదు. "మిగతా పెండ్లికొడుకులు ఒక్కసారి ఎక్కి మరిచిపోతరు. ఈయన యాది పెట్టుకుని ఏటేటా వస్తడు" అనేది.

ముత్యం వయసు మీద పడుతున్న ఏడు ఆవిడకు పిల్ల ఆలోచన పుట్టింది. ఆవిడకు పిల్లల్లేరు. ముత్యం తల్లిని ఆవిడ భర్త కొన్నాడు. ముత్యం ఆ షెడ్డులోనే పుట్టింది, ఆయన చేతుల్లోనే పడింది. ఆయన చేతుల్లో పుట్టిన దాని కడుపున ఒకటి తన చేతుల్లో పడాలి. అదీ ఆవిడ కోరిక. పశువుల డాక్టరు చూసి, "తొలిచూలుకు ఇప్పటికే ఆలస్యం అయింది. ఈ ఏడు మగగుర్రంతో దాటిస్తే చూలు నిలవచ్చు. ఈ ఏడు పోతే ఆశ పెట్టుకోవద్దు" అని తేల్చి చెప్పాడు. ముత్యం తెల్లన కాబట్టి మగగుర్రమూ తెల్లనిదే కావాలని ఆవిడ పట్టు. పెళ్ళిళ్ళకు తెల్ల గుర్రమే అడుగుతారు మరి. అలాంటి మేలుజాతి పోతు గుర్రం మా అధ్యక్షులవారి దగ్గర ఉంది. ఆయనకు స్టీలు సామాన్ల దుకాణాలున్నాయి, మేడ్చల్ దాటాక తోట ఉంది. ఆ తోటలో చూసేవాళ్ళు మెచ్చుకోవడానికి రాజస్థాన్ నుంచి తెప్పించి కట్టేసిన గుర్రం అది.

ఒక శనివారం పురాణం అయ్యాక గుమ్మం దగ్గర్నుంచే అడిగింది. "సారూ, మీ గుర్రాన్ని ముత్యం కోసం ఒక్కసారి ఇస్తరా?"

ఆడవాళ్ళం నవ్వుకున్నాం. అధ్యక్షులవారు నవ్వలేదు. కాస్సేపు ఆలోచించారు.

"నాదేముందమ్మా, తీసుకెళ్ళు. కానీ ముత్యం స్వామిని మోసే గుర్రం కదా. స్వామిని అడక్కుండా మనం నిర్ణయించకూడదు. పూలు పెట్టి అడుగుదాం."

ఆవిడ మొహం వెలిగిపోయింది. "గదే మంచిది సారూ. ఆయన ఏమంటే అదే."

మా మండలిలో ఆ అలవాటు ఉంది. ఎర్ర మందారం ఒక పొట్లంలో, తెల్ల నందివర్ధనం ఒక పొట్లంలో కట్టి స్వామి పాదాల దగ్గర పెడతారు. అడిగే మనిషి తలస్నానం చేసి వచ్చి ఒకటి తీసి విప్పాలి. ఎరుపు వస్తే సరే, తెలుపు వస్తే వద్దు. తియ్యని రెండో పొట్లాన్ని ఎవరూ విప్పకూడదు. విప్పితే స్వామిని అనుమానించినట్టు. దాన్ని అలాగే తీసుకెళ్ళి తులసి మొదట్లో వేస్తారు. పొట్లాలు కట్టేది అధ్యక్షులవారే.

మరునాడు పొద్దున ఆవిడ తడి జుట్టుతో వచ్చింది. చెవుల్లో దూది లేదు. అది లేకుండా ఆవిడను చూడడం నాకు కొత్త. కళ్ళు మూసుకుని ఎడమ వైపు పొట్లం తీసింది. విప్పింది. నందివర్ధనం.

చాలాసేపు ఆ పువ్వునే చూసింది. తర్వాత పటం వైపు తిరిగి, "సరే తియ్యి. నీకు తెల్వనిదా. నువ్వు వద్దంటివి, అయిపాయె" అంది. పువ్వును చెవిలో పెట్టుకుని వెళ్ళిపోయింది.

ఆ ఎండాకాలం ముత్యం ఎదకు వచ్చినప్పుడల్లా షెడ్డు రేకులు అదిరేలా సకిలించేది. అల్వాల్‌లో గుర్రాలు పెంచే ఒకాయన తన మగగుర్రాన్ని తనే తోలుకుని వచ్చాడు. "దేవుడు వద్దన్నడు" అని ఆవిడ గేటు దగ్గర్నుంచే పంపేసింది. నేనొకసారి వెళ్ళినప్పుడు ముత్యం మెడకు తన నుదురు ఆనించి నిలబడి ఉంది. అది కాళ్ళు నేలకేసి కొడుతోంది. "నాతోని లొల్లి పెట్టకు. ఆయనతోని పెట్టుకో" అంటూ రాంగోపాల్‌పేట్ దిక్కు చెయ్యి చూపిస్తోంది. ఆవిడ గొంతు అంత మెత్తగా ఉండడం నేను ఎరగను. అలా కాలం దాటిపోయింది.

చలికాలంలో అధ్యక్షులవారి అబ్బాయి పెళ్ళి వచ్చింది. సంబంధం వేసవికి ముందే ఖాయమైందట. పసుపు దంచడానికి మండలి ఆడవాళ్ళందరినీ పిలిచారు. ఆయన భార్య మా గోదావరి వైపు మనిషే. నవ్వుతూ అందరికీ కాఫీలిస్తోంది. రోట్లో పసుపుకొమ్ములు పోశాను, రోకలి నా చేతిలో ఉంది. ఎవరో అడిగారు, "బరాత్‌కు గుర్రం ఎవరిదండీ?"

"గుర్రమక్కదే. మావాడు చిన్నప్పట్నుంచీ ముత్యం మీదే ఎక్కుతానంటాడు. వేరే గుర్రాలు డీజేకి ఎగిరి పడేస్తాయట. అది మొన్న వేసవిలో కడుపుతో అవ్వాల్సింది, తెలుసా? అయ్యుంటే సరిగ్గా పెళ్ళి వేళకు నిండు చూలుతో ఉండేది. మా ఆయన తెలివి చూడండి." ఆవిడ గొంతు తగ్గించింది, అందరికీ వినిపించేంతే. "రెండు పొట్లాల్లోనూ నందివర్ధనమే పెట్టారు!"

ఆడవాళ్ళు నవ్వారు. కొందరు అర్థం కాక నవ్వారు, కొందరు అర్థమయ్యే నవ్వారు. నేను రోకలి గోడకు ఆనించి చేతులు కడుక్కున్నాను. ఒక మనిషి ఇంకో మనిషితో అబద్ధం చెప్పడం వేరు. అది రోజూ చూస్తున్నదే. ఈయన స్వామి నోట్లో పెట్టాడు అబద్ధాన్ని. స్వామి పాదాల దగ్గర, పసుపు కుంకుమల మధ్య పెట్టాడు. అదీ కొడుకు ఊరేగింపు కోసం.

ఆటో చేసుకుని నేరుగా బోయిన్‌పల్లి వెళ్ళాను. ఆవిడ తవుడు కలుపుతోంది. దూది తీయించి మరీ చెప్పాను. చెయ్యి తవుడులోనే ఆగిపోయింది.

"రెండు తెల్లయేనా?"

"రెండూ."

"మన మండలి పెరట్ల చెట్టుయేనా పువ్వులు?"

"అవును."

"ఎండల దానికి నీళ్ళు పోసింది నేనే, టీచరమ్మా." అంతే అంది. మళ్ళీ తవుడు కలపడం మొదలుపెట్టింది. కాసేపయ్యాక, "బరాత్‌కు నేనే వస్త. మాటిచ్చిన" అంది.

పెళ్ళి రోజు సాయంత్రం పెళ్ళికొడుకు మా మండలికి వచ్చి స్వామికి దండం పెట్టుకున్నాక గుర్రమెక్కాలి. పెళ్ళికూతురి మేనమామ, ఇంకో ఇద్దరు పెద్దలు పిలుపుకు వచ్చారు. బ్యాండు వాళ్ళు సిద్ధంగా ఉన్నారు. వెండి జీనుతో ముత్యం మెరిసిపోతోంది. అప్పుడు ఆవిడ గుర్రం వాసన వేసే బట్టలతోనే మొదటిసారి గుమ్మం దాటి లోపలికి వచ్చింది. స్వామి పాదాల దగ్గర తమలపాకులతో చుట్టిన రెండు పొట్లాలు పెట్టింది.

"సారూ, ఒక్క మాట అడిగి పోదాం. ఈ పెండ్లి కావాల్నా, వద్దా? ఎర్రది వస్తే కావాలె, తెల్లది వస్తే వద్దు. మీరే తియ్యుండ్రి."

"ఏంటీ పిచ్చి?" అన్నారు అధ్యక్షులవారు.

"పిచ్చేంది సారూ. మన మండలిల అలవాటే కదా. నా ముత్యానికి అడగలేదా?"

పెళ్ళికూతురి మేనమామ ఇదేదో వేడుక అనుకున్నాడు. "శుభమే వస్తుంది, తీయండి బావగారూ" అన్నాడు నవ్వుతూ. అధ్యక్షులవారు చెయ్యి చాపారు. పొట్లం మీదికి వెళ్ళిన చెయ్యి అక్కడే నిలిచిపోయింది. పొట్లాల్లో ఏం పెట్టవచ్చో ఆ గదిలో ఆయనకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

"తియ్యి సారూ. దేవుడే చెప్తడు."

భార్య ఆయన మోచెయ్యి పట్టుకుంది. "చెప్పెయ్యండి. పిల్లాడి పెళ్ళండీ. చెప్పెయ్యండి."

ఆయన పెదాలు కదిలాయి. "ఆ రోజు... రెంట్లోనూ తెల్లపూలే పెట్టాను."

"గట్టిగ చెప్పుండ్రి సారూ. చెవుల్ల దూది ఉంది."

ఆయన గట్టిగా చెప్పారు. వీధిలో బ్యాండు వాళ్ళక్కూడా వినిపించింది. మేనమామ నవ్వు ఆగిపోయింది.

ఆవిడ వంగి రెండు పొట్లాలూ తీసి విప్పింది. లోపల వక్కపలుకులున్నాయి. పూలే లేవు. "నేను దేవుణ్ణి అడగలే సారూ. నిన్నడిగిన" అంది. ఒక ఆకు నోట్లో వేసుకుని నములుతూ బయటికి నడిచి పగ్గం పట్టుకుంది. "రా బిడ్డా, ఎక్కు. నీ తప్పేం లేదు" అని పెళ్ళికొడుకును పిలిచింది. ఆ రాత్రి ముత్యం ఎప్పటిలాగే ఒక్క అడుగు తడబడకుండా నడిచింది.

దైవకోపానికి భయపడి భార్య పోరుపెడితే అధ్యక్షులవారు కబురు పంపారు, ముత్యాన్ని ఎప్పుడైనా తోటకు తీసుకురమ్మని. గుర్రమక్క మొదట ఉమ్మేసింది. "ఆ ఇంటి గుర్రమా!" అంది. రెండు మూడు రోజులు షెడ్డులో ముత్యం చుట్టూ తిరిగింది. తర్వాత నాతో, "పగ నాది. దాని కడుపు దానిది" అంది. వెళ్ళడానికి ఒప్పుకుంది, ఒక్క షరతు మీద. దాటించేటప్పుడు ముత్యం పగ్గం అధ్యక్షులవారే పట్టుకుని నిలబడాలి.

నేనూ వెళ్ళాను. ఆయన తెల్ల పంచె కట్టుకుని బురదలో నిలబడ్డారు. మగగుర్రాన్ని చూడగానే ముత్యం ఎదలో ఉన్న ఆడగుర్రం చేసే పనే చేసింది, కాళ్ళు ఎడం చేసి ధారగా పోసింది. పంచె మోకాళ్ళ దాకా తడిసింది. "పగ్గం ఇడ్వకు సారూ" అంది ఆవిడ. "తీర్థమనుకో." స్వామి నన్ను మన్నించుగాక, ఆ సాయంత్రం నాకు కలిగినంత ఆనందం ఏ కల్యాణంలోనూ కలగలేదు.

ఆ ఎదలోనూ, తర్వాతి ఎదలోనూ దాటించారు. డాక్టరు వచ్చి స్కాన్ చేశాడు. తెర మీద చూస్తూ తల అడ్డంగా ఊపాడు. "ఏం లేదక్కా. పోయినేడు అయితే నిలిచేదే. ఇక దీన్ని కష్టపెట్టకు."

ఆవిడ ఏడవలేదు. ఫోను డాక్టరు చేతిలో పెట్టింది. "గా మాట సారుకు చెప్పు. నువ్వు ఎట్లన్నవో అట్లనే చెప్పు." డాక్టరు చెప్పాడు. అవతల ఫోను పెట్టేసిన చప్పుడు.

పూలు పెట్టి అడగడం ఆవిడ అంతటితో మానేసింది. "ఇగ దేవుణ్ణి అడగ. ఏం కావాల్నో చెప్త" అనేది. ఎదురుకోలుకు రావడం మాత్రం మానలేదు. మరుసటి ఏడు స్వామి పటంతో ముత్యం అధ్యక్షులవారి ముందుకు రాగానే ఆవిడ దాన్ని ఆపింది. ఆయన చెవి దగ్గర ఏదో చెప్పి ముందుకు నడిచింది. ఆయన చేతిలో పానకం గ్లాసు ఒలికింది. ఏం చెప్పావని తర్వాత అడిగాను.

"ఆయన పువ్వులు మోసం చెయ్యకపోతే ముత్యం పిల్లకు ఇయ్యాల ఏడాది నిండేది. గదే చెప్పిన."

ఆ పై ఏడు రెండేళ్ళని చెప్పింది. తర్వాత మూడని. అరవలేదు, తిట్టలేదు. లేని పిల్ల వయసు చెప్పి, నడిచి వెళ్ళిపోయేది. ఈ మధ్య జ్వరంతో పడుకున్నప్పుడు చూడబోతే, నీళ్ళు కూడా మింగలేని స్థితిలో, "టీచరమ్మా, ఈసారి ఎంత?" అని అడిగింది. లెక్క చెప్పాను. "మరువకు" అంది. మూడో రోజు పోయింది. ముత్యాన్ని ఆవిడ తమ్ముడు చూసుకుంటున్నాడు.

సంతాపసభ నుంచి లేచి వచ్చినందుకు మండలి పెద్దలు ఫోన్లు చేసి మందలించారు. క్షమ గొప్ప గుణం, పురాణం చదివేదానివి, నీకు తెలియదా అన్నారు. తెలుసు. కానీ ఇందులో దెబ్బ తిన్నది నేను కాదు. ఒక మూగజీవి కడుపు, ఒక మనిషి ఆశ, స్వామి మాట. వాళ్ళ బదులు క్షమించే అధికారం నాకు ఎవరూ ఇవ్వలేదు. అలాగని ఆయన్ను శపించను. శాపాలు పెట్టే నోటితో పురాణం చదవలేను.

ప్రార్థన చేస్తాను. ఇది చదువుతున్న మీరూ ఒక్క నిమిషం నాతో చేతులు జోడించండి. తండ్రీ, లక్ష్మీనరసింహా, మా అధ్యక్షులవారికి ఏ రోగమూ రానివ్వకు. చెవులు చివరిదాకా చక్కగా వినపడనివ్వు. ఏటా ఎదురుకోలులో ముందు వరసలో ఆయన నిలబడాలి, పక్కన నేను నిలబడి ఆ లెక్క చెప్పాలి. గుర్రానికి నువ్విచ్చే ఆయుష్షు ఎంతో నీకు తెలుసు. ముత్యం పిల్ల పుట్టి ఉంటే ఎన్నేళ్ళు బతికేదో, అన్నేళ్ళూ ఆయన్ను బతికించు.